అబ్బాయి డ్యూటీకి వెళ్ళాడు

జూన్ 9, సోమవారం

ఈ రిజిస్టరు కంపెనీ సొత్తు. వెళ్ళిపొమ్మన్న రోజున సొరుగు ఖాళీ చేస్తుంటే కొత్తది కనబడింది, సంచిలో వేసుకొచ్చేశాను. ఇరవై రెండేళ్ళ చాకిరీకి వాళ్ళు ఇచ్చింది ఒక గోడ గడియారం. అది రోజుకి పది నిమిషాలు వెనకబడుతుంది. కాబట్టి రిజిస్టరు ఎత్తుకొచ్చినందుకు నాకేమీ సిగ్గు లేదు.

పేజీకి నాలుగు గళ్ళు. తేదీ, ఫిర్యాదు, చేసిన పని, సంతకం. లిఫ్టు మెకానిక్కు బతుకంతా ఈ నాలుగు గళ్ళలో పట్టేస్తుంది.

ఫిర్యాదు: ఉద్యోగం లేదు. చేసిన పని: పది చోట్ల దరఖాస్తు పెట్టడమైనది. సంతకం: నేనే పెట్టుకోవాలి, పైన ఎవడూ లేడు.

ఇదంతా మా బిల్డింగు డాబా మీద, లిఫ్టు మెషీన్ రూములో కూర్చుని రాస్తున్నాను. ఈ లిఫ్టు మా పాత కంపెనీదే. తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. పొద్దున్న ఎనిమిదింటికి యూనిఫాం చొక్కా వేసుకుని, పనిముట్ల సంచీ, క్యారియరూ పట్టుకుని, నాలుగో అంతస్తులో మా ఇంట్లోంచి బయటపడి, లిఫ్టులో కిందికి దిగి, నలుగురికీ కనబడి, వెనక మెట్ల మీదుగా అయిదంతస్తులు ఎక్కి ఇక్కడికి చేరతాను. ఉద్యోగం ఉన్నప్పుడు ఇంత కష్టపడలేదు.

ఈ నాటకమంతా మా బావగారి కోసం. మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన తన ఆఫీసులో నాకో కుర్చీ ఉద్యోగం చూశాడు. నేను లిఫ్టుల్లోకి పోయాను. అప్పట్నుంచీ ఎప్పుడు మాట్లాడినా మొదటి మాట ఒకటే: "ఏమోయ్, ఇంకా తాళ్ళు లాగుతున్నావా?" ఇప్పుడు ఆ తాళ్ళూ పోయాయని తెలిస్తే చచ్చేదాకా నన్ను వాయిస్తాడు.

అందుకని మొదటి రోజే అమ్మకి చెప్పాను.

"ఎవరు ఫోన్ చేసినా, అబ్బాయి డ్యూటీకి వెళ్ళాడని చెప్పు."

"ఎవరు చేసినానా?"

"ఎవరు చేసినా."

జూన్ 12, గురువారం

పదకొండో దరఖాస్తు ఆసుపత్రికి. కాగితం ఎప్పటిలాగే నింపి ఇచ్చాను: చిరునామా, ఇంటి నంబరు, అనుభవం. అక్కడికక్కడే పరీక్ష పెట్టారు.

ఆరు లిఫ్టులు. అందులో రెండు మంచంతో సహా మనిషిని తీసుకెళ్ళేవి. మెషీన్ రూము ఎంత శుభ్రంగా ఉందంటే చెప్పులు విప్పి వెళ్ళాను. ఇంజనీరు నవ్వడు. బావిలోంచి మాట్లాడినట్టుంటుంది ఆయన గొంతు. ఒక లిఫ్టులో కావాలని ఏదో చెడగొట్టి పెట్టి కనుక్కోమన్నాడు. రెండో అంతస్తు తలుపు తాళంలో ఒక తీగ వదులు చేశాడు. ఆరు నిమిషాల్లో పట్టేశాను. గడియారం చూసుకున్నాడు. నేను వచ్చేసేటప్పుడు, "కబురు చేస్తాం," అన్నాడు.

మిగతా పది చోట్లా ఇవ్వకపోయినా ఫరవాలేదు. నాకిది కావాలి. నలభై ఆరేళ్ళొచ్చాక ఒక వస్తువు కోసం ఇంత ఆశ పడడం కొంచెం అసహ్యంగానే ఉంది, అయినా కావాలి.

జూన్ 13, శుక్రవారం

ఫోన్ రాలేదు. ఒక్కరోజుకే వస్తుందా ఏమిటి.

జూన్ 16, సోమవారం

ఫోన్ రాలేదు. మొబైల్ బాగానే ఉందా అని మా ఆవిడ మొబైల్ నుంచి చేయించి చూశాను. బాగానే ఉంది. తను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. బేరాల మధ్యలో మూడుసార్లు చేసింది. నాలుగోసారి తిట్టింది.

ఇక్కడ కూర్చుంటే ఒక విద్య అబ్బింది. మోటారు మూలుగును బట్టి ఎవరు ఎక్కారో చెప్పగలను. అసోసియేషన్ సెక్రటరీ ఎక్కితే దానికి ఆయాసం వస్తుంది. రెండో అంతస్తు కొత్త దంపతులు ఎక్కితే మధ్యలో ఒకసారి ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో రిజిస్టరులో రాయను.

చేతులు ఊరుకోక లిఫ్టుని కూడా నేనే చూస్తున్నాను. మూడో అంతస్తు తలుపు కాంటాక్టు పుట్టు రోగిష్టిది. దుమ్ము పడితే చాలు, తలుపు తెరిచి ఉందనుకుని లిఫ్టు ఎక్కడుంటే అక్కడే నిలబడిపోతుంది. శుక్రవారం శుక్రవారం తుడుస్తున్నాను. కంపెనీవాడు నెలకోసారి వచ్చి కిందనే సంతకం పెట్టి పోతున్నాడు. లిఫ్టు ఇంత బాగా ఎప్పుడూ నడవలేదని సెక్రటరీ కంపెనీకి మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడట.

జూన్ 18, బుధవారం

అమ్మ నాకు ప్రమోషన్ ఇచ్చింది.

సాయంత్రం "డ్యూటీ" నుంచి వచ్చేసరికి హుషారుగా ఉంది. "ఇవాళ రెండు ఫోన్లొచ్చాయిరా. ఒకాయనది భలే గొంతు. అబ్బాయి ఉన్నాడా అన్నాడు. డ్యూటీకి వెళ్ళాడన్నాను. ఏ డ్యూటీ అన్నాడు. ఊరికే మెకానిక్కు అంటే ఏం బాగుంటుందని, సూపర్‌వైజరు అన్నాను."

"ఎవరు వాళ్ళు?"

"ఎవరో. మీ బావ మనుషులే అయ్యుంటారు, కూపీ లాగడానికి. నా దగ్గరా."

బాగా చెప్పావమ్మా అన్నాను. నిజంగానే బాగా చెప్పింది.

జూన్ 20, శుక్రవారం

ఫోన్ రాలేదు. కాంటాక్టు తుడిచాను.

జూన్ 22, ఆదివారం

బావగారు ఫోన్ చేశాడు. ఆదివారం కాబట్టి ఇంట్లో దొరికిపోయాను.

"ఏమోయ్, ఇంకా తాళ్ళు లాగుతున్నావా? సూపర్‌వైజరు అయ్యావట, అత్తగారు చెప్పారు."

"అవును బావగారూ."

"ఎంతమంది నీ కింద?"

ఇక్కడ ఊరుకోవలసింది. "పద్దెనిమిది మంది," అన్నాను. పద్దెనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. పక్కన బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ నా వంక చూసి, నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 25, బుధవారం

అమ్మ: "ఇవాళ ఒకమ్మాయి చేసింది. ఇప్పుడున్న చోటు వదిలేస్తారా అంది. అదేం ప్రశ్న? మా వాణ్ణి వాళ్ళు ప్రాణం పోయినా వదలరు, అడిగి ఇబ్బంది పెట్టకండి అన్నాను."

బావగారు ఆడవాళ్ళ చేత కూడా చేయిస్తున్నాడన్నమాట. ఎంత కుళ్ళు మనిషి.

మొబైల్‌కి మాత్రం ఎవరూ చేయరు. కొత్త పరుపు కావాలా అని ఒకడు చేశాడు. వాడితో ఏడు నిమిషాలు మాట్లాడాను.

జూన్ 30, సోమవారం

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది: "పదకొండు చోట్ల పెడితే ఒక్కళ్ళూ పలకలేదా? ఒక్కళ్ళన్నా వద్దని చెప్పాలి కదండీ."

"కబురు చేస్తామన్నారుగా."

"మీరు దాక్కుని కూర్చుంటే కబురు పైకొచ్చి తలుపు కొడుతుందా? రేపు వెళ్ళి అడగండి."

రేపు వెళ్తాను.

జూలై 1, మంగళవారం

వెళ్ళాను. ఎంత నొప్పిగా ఉన్నా వరసగా రాస్తాను.

ఇంజనీరు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "మీరా? సెలవు పెట్టి వచ్చారా?" అన్నాడు. నాకర్థం కాలేదు. రిజిస్టరు తిప్పి నా వైపు పెట్టాడు. నా పేరు మొట్టమొదట ఉంది. ఎదురుగా ఎర్ర సిరాతో: 'ప్రస్తుతం సూపర్‌వైజరు. మారే ఉద్దేశం లేదు. చెప్పినవారు: తల్లి.'

"రెండుసార్లు చేశాం," అన్నాడు. "ఒకసారి నేను, ఒకసారి మా ఆఫీసమ్మాయి. మీ కంపెనీ మిమ్మల్ని వదలదనీ, అడిగి ఇబ్బంది పెట్టొద్దనీ చెప్పారు. చాలా మర్యాదగా చెప్పారు."

"మొబైల్‌కి చేయలేదేం సార్?"

దరఖాస్తు తీసి చూపించాడు. ఒకే ఒక్క నంబరు, ఇంటిది. నా దస్తూరీ. లిఫ్టు గోతిలో దిగినవాడికి మొబైల్ పలకదు. అందుకని ఇరవై రెండేళ్ళుగా ఏ కాగితం ఇచ్చినా నా చెయ్యి ఇంటి నంబరే రాస్తుంది. ఇది మా పనివాళ్ళందరికీ ఉన్న రోగమే. పదకొండు దరఖాస్తుల మీదా అదే రాశాను. రాసి, నెలరోజులు మొబైల్‌ని చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

"సార్, నాకు ఉద్యోగం లేదు."

"మరి మీ అమ్మగారు?"

"నేనే అలా చెప్పమన్నాను."

"ఎందుకు?"

"మా బావగారి కోసం."

ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. నిన్ననే ఇంకొకాయన్ని తీసుకున్నారట. పదిహేను రోజులు చూస్తారట. "ఆయన నిలబడకపోతే పదిహేనో తారీఖున మీకు చేస్తాను. ఏ నంబరుకి?"

రెండూ రాసిచ్చాను. చెయ్యి మళ్ళీ ఇంటి నంబరే మొదట రాసింది, వెధవ చెయ్యి.

అదే రోజు, సాయంత్రం

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఉద్యోగం నోటి దాకా వస్తే లాగి పారేశావన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

అమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఎవరు చేసినా అన్నావు. నేను మళ్ళీ అడిగాను కూడా."

"అంటే మాత్రం సూపర్‌వైజరు అని ఎవరు చెప్పమన్నారు?"

"నువ్వు క్యారియరు పట్టుకుని దొంగలా మెట్లెక్కి పోతుంటే రోజూ కిటికీలోంచి చూస్తున్నానురా. నా వల్ల కావట్లేదు. ఆ ఫోన్‌లో చెప్తున్నంతసేపే నువ్వు నిజంగా డ్యూటీకి వెళ్ళినట్టు ఉండేది నాకు. అందుకని కొంచెం ఎక్కువసేపు చెప్పేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పుకుని ఏడ్చాను. రాసేశాను, ఇక కొట్టెయ్యను.

జూలై 2, బుధవారం

పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టెలిఫోన్ పైన గోడకి అంటించాను: 'మా అబ్బాయికి ఉద్యోగం పోయింది. ఖాళీగా ఉన్నాడు. పని ఉంటే చెప్పండి.' ఎవరు చేసినా ఇదే చదవమన్నాను.

"ఎవరు చేసినానా?" అంది అమ్మ.

"ఎవరు చేసినా."

జూలై 3, గురువారం

మొదటి ఫోన్ సెక్రటరీది, నీళ్ళ మోటారు గురించి. అమ్మ చదివింది. పది నిమిషాల్లో ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. "కంపెనీలో లేనివాళ్ళ దగ్గర మెషీన్ రూము తాళంచెవి ఉండకూడదండీ, రూలు." ఇచ్చేశాను. మూడో అంతస్తు కాంటాక్టు వారం వారం తుడవాలని చెప్పాను. "కంపెనీవాళ్ళు చూసుకుంటారు. ఇన్నాళ్ళూ ఎంత బాగా చూశారు," అన్నాడు.

రెండో ఫోన్ బావగారిది. అమ్మ గొంతు సవరించుకుని చదివింది. ఒక్క అక్షరం వదల్లేదు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న అమ్మ నాకు యథాతథంగా అప్పజెప్పింది: "మరి ఆ పద్దెనిమిది మందీ ఏమయ్యారు?"

పరువు పూర్తిగా పోయింది. విచిత్రంగా, ఆకలి బాగా వేస్తోంది.

జూలై 7, సోమవారం

ఇప్పుడు హాల్లోనే, టెలిఫోన్ పక్కన కూర్చుంటున్నాను. మిగతా చోట్లకి నేనే ఫోన్ చేశాను. నాలుగు చోట్ల వేరేవాళ్ళని తీసేసుకున్నారు. మూడు చోట్ల మీ అమ్మగారు బాగున్నారా అని అడిగారు.

జూలై 11, శుక్రవారం

కాంటాక్టు తుడిచే రోజు. తాళంచెవి లేదు. మోటారు మూలుగు మా హాల్లోకి కూడా వినిపిస్తుంది. మూడో అంతస్తు దగ్గర చిన్నగా తడబడుతోంది. సెక్రటరీకి మళ్ళీ చెప్పాను. నవ్వాడు.

జూలై 14, సోమవారం

రేపు పదిహేను. ఆ ఇంకొకాయన ఎవరో నాకు తెలీదు. ఆయనకి ఏ కీడూ జరగకూడదు. జలుబు లాంటిది ఫరవాలేదు.

జూలై 15, మంగళవారం

పొద్దున్నుంచీ టెలిఫోన్ ముందునుంచి కదల్లేదు. పదకొండింటికి కింద నుంచి సెక్రటరీ కేక వేశాడు, మీ బావగారొచ్చారు, పైకొస్తున్నారు అని. ఓదార్చడానికి వస్తున్నాడన్నమాట. నా ఒళ్ళు మండింది.

మోటారు మూలిగింది. ఒకటి, రెండు, మూడు దాటింది. ఆగిపోయింది.

మా గుమ్మానికి ఎదురుగానే లిఫ్టు తలుపు. మూడుకీ నాలుగుకీ మధ్య నుంచి గొంతు వినిపించింది: "ఏమోయ్?"

"ఇక్కడే ఉన్నాను బావగారూ. తలుపు ముట్టుకోకండి. వెనక గోడకి ఆనుకుని కింద కూర్చోండి."

"పడిపోతుందేమోనోయ్?"

"పడదు. నాలుగు తాళ్ళున్నాయి. మిమ్మల్ని మొయ్యడానికి ఒకటి చాలు."

"గట్టివేనా?"

"ఇరవై రెండేళ్ళుగా నేను లాగుతున్నవే."

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫోన్ మోగింది. నేను కదల్లేదు. కదలకూడదు. మనిషి లోపల ఉండగా మాట్లాడుతున్నవాడు పక్కకి పోతే లోపలున్నవాడు తలుపు గుంజుతాడు, చెయ్యి పోతుంది. సెక్రటరీ రొప్పుకుంటూ తాళంచెవితో మెట్లెక్కి వచ్చేదాకా బావగారితో మాట్లాడుతూనే ఉన్నాను. ఫోన్ ఆగిపోయింది. అమ్మ తీసిందో, వాళ్ళే పెట్టేశారో తెలీదు.

సెక్రటరీని అక్కడ నిలబెట్టి, మాట్లాడిస్తూ ఉండమని చెప్పి, పైకి పరిగెత్తాను. కరెంటు తీశాను, బ్రేకు వదులు చేసి చక్రాన్ని చేత్తో తిప్పాను. తాడు మీద నాలుగో అంతస్తుకి గుర్తుగా ఉన్న గీత దాకా తెచ్చి బ్రేకు బిగించాను. కిందికొచ్చి సెక్రటరీని కరెంటు దగ్గర కాపలాకి పంపాను. నా సంచీలోంచి లిఫ్టు తలుపు తెరిచే తాళంచెవి తీసి రంధ్రంలో పెట్టాను.

లోపల బావగారు ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు. బయట సెక్రటరీ ఉన్నాడనీ, నేనింకా పైనే ఉన్నాననీ అనుకున్నాడు. "మావాడే తీస్తాడండీ. సెక్రటరీగారూ, మీరు కంగారు పడకండి. వాడు పనిమంతుడు. నేను ఎప్పుడూ వాడితో అనలేదు గానీ, వాడు నా మాట విని ఆ కుర్చీలో కూర్చుంటే ఇవాళ నాకు దిక్కెవరు? ఇంటికెళ్ళి మీ అక్కకి, అదే, వాళ్ళక్కకి చెప్తాను..."

నా చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. తలుపు తీస్తే ఆ మాటలు ఆగిపోతాయి. పూర్తిగా విన్నాను. ఆయనకి చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు తెరిచాను. బావగారు చెమటలు కారుతూ బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, "ఇంతసేపా?" అన్నాడు.

అప్పుడు చూశాను. టెలిఫోన్ తీగ గుమ్మం దాకా సాగి ఉంది. రిసీవరు గడప మీద, లిఫ్టు వైపు తిప్పి పెట్టి ఉంది. పక్కన అమ్మ కాళ్ళు చాపుకు కూర్చుంది.

"ఆ భలే గొంతాయనే," అంది. "అబ్బాయి ఉన్నాడా అన్నాడు. పనిలో ఉన్నాడన్నాను. మళ్ళీ మొదలెట్టారా అన్నాడు. నిజమండీ, కావాలంటే వినండి అని ఇక్కడ పెట్టాను."

రిసీవరు తీసుకున్నాను.

"విన్నాను," అంది బావిలోంచి గొంతు. "మా కొత్తవాడు గోతిలోకి దిగనంటున్నాడు, పంపేశాం. అది సరే. లిఫ్టు గీతకి వచ్చి ఆగిన చప్పుడు విన్నాను. తర్వాత నాలుగు నిమిషాలు తలుపు తెరుచుకోలేదు. ఏం చిక్కొచ్చింది?"

అబద్ధం ఆడదామంటే ఒక్కటీ తట్టలేదు. ఉన్నవన్నీ అమ్మే వాడేసింది.

"ఏ చిక్కూ లేదు సార్. లోపల మా బావగారు. నన్ను మెచ్చుకుంటున్నారు."

"ఆ బావగారేనా?"

"ఆయనే సార్."

"ఎన్నాళ్ళకి మెచ్చుకున్నారు?"

"ఇరవై రెండేళ్ళకి."

అటు వైపు రిజిస్టరు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఇక్కడ లోపల పేషెంట్లుంటారు," అన్నాడు. "ఒక్క నిమిషం కూడా కుదరదు."

"కుదరదు సార్."

"రేపు ఎనిమిదింటికి రండి."

జూలై 16, బుధవారం

ఆసుపత్రి మెషీన్ రూము. మధ్యాహ్నం భోజనం వేళ. చెప్పులు బయటే విప్పాను. ఇంజనీరు చూసి, బూట్లు వేసుకోవాలి, ఇది పూజగది కాదు అన్నాడు. నవ్వినట్టే అనిపించింది గానీ గట్టిగా చెప్పలేను.

గోడకి టెలిఫోన్ ఉంది. ఇంటికి చేశాను. గొంతు కొంచెం లావు చేసి, "అబ్బాయి ఉన్నాడా అండీ?" అన్నాను.

"లేడండీ," అంది అమ్మ. "డ్యూటీకి వెళ్ళాడు."

"ఏ డ్యూటీ అండీ?"

"పెద్దాసుపత్రిలో. ఆరు లిఫ్టులూ వాడి చేతిలోనే ఉంటాయి. సూపర్‌వైజరు."

"అమ్మా, నేనే. మెకానిక్కునే."

"తెలుసులేరా, నీ గొంతు నాకు తెలీదా?" అంది. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "ఇంకోసారి అడుగు," అంది.

ఇంకోసారి అడిగాను.